జవాబు కరెక్టే... మార్కులు సగమే!

2024 అక్టోబరు మొదటి వారం. మా అమ్మాయి హైస్కూల్లో చేరి రెండు నెలలు కూడా కాలేదు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, బ్యాగు సోఫా మీద పడేసి, ఆల్‌జీబ్రా పరీక్ష పేపరు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. నూటికి అరవై రెండు. పక్కనే గుండ్రంగా సున్నా చుట్టిన 'డి'.

మా ఇద్దరికీ కాసేపు నోట మాట రాలేదు. ఆరో తరగతి నుంచి ప్రతి శనివారం లెక్కల ట్యూషన్‌కి తీసుకెళ్లి, ఆ రెండు గంటలూ కార్లోనే కూర్చుని ఇండియాకి ఫోన్లు మాట్లాడుకుని, మళ్లీ ఇంటికి తెచ్చుకుంటున్న పిల్ల. డి ఏమిటి? పేపరు తిరగేసి చూస్తే ఇంకా ఒళ్లు మండింది. పన్నెండు లెక్కల్లో పదింటికి జవాబు కరెక్టే. అయినా చాలావాటికి సగం మార్కులే వేశారు. అలా కోసిన ప్రతి చోటా టీచరమ్మ ఒకటే ముక్క రాసింది: 'నీకెలా తెలిసింది?'

గుంటూరు జిల్లాలో చదువుకుని, ఎంసెట్ రాసి, ఇక్కడ బే ఏరియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న మాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఎలా తెలియడమేమిటి? చేస్తే తెలిసింది!

"మా క్లాసులో పాఠం చెప్పరు నాన్నా" అంది పిల్ల, చాలా మామూలుగా. నలుగురేసి పిల్లల్ని ఒక బల్ల చుట్టూ కూర్చోబెడతారట. ఒక కాగితం ఇస్తారు, అందులో ఒక పెద్ద ప్రశ్న. నలుగురూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. టీచరమ్మ బల్లల మధ్య తిరుగుతూ ఉంటుంది. డౌటు అడిగితే జవాబు చెప్పదు, ఇంకో ప్రశ్న వేసి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోతుంది. బోర్డు మీద సూత్రం రాసి, రెండు లెక్కలు చేసి చూపించి, ఇరవై లెక్కలు హోమ్‌వర్క్ ఇవ్వడం అనేది లేనే లేదు.

ఇది మా ఒక్కింటి కథ కాదని ఆ రాత్రే తెలిసింది. మా స్కూలు తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోతోంది. అందరి పిల్లలవీ అవే మార్కులు, అవే సగాలు. 'టీచరు జీతం తీసుకుని పిల్లల చేత పాఠం చెప్పించుకుంటోంది' అని ఒకాయన. 'మన పిల్లల మీద ప్రయోగాలా?' అని ఒకావిడ. తెల్లారేసరికి ప్రిన్సిపాల్‌కి ఇవ్వాల్సిన అర్జీ తయారైంది. ఈ పద్ధతి ఆపేసి మామూలుగా పాఠం చెప్పించండి అని అందులో సారాంశం. మా పేర్ల ఎదురుగా సంతకానికి జాగా కూడా వదిలారు.

అగ్గిపుల్లలతో లెక్క

ఆ రోజుల్లోనే తెనాలి నుంచి తాతగారు వచ్చి ఉన్నారు. ఇంట్లో అందరం తాతగారనే పిలుస్తాం. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్ఫై ఏళ్లకి పైగా లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆరు నెలలు ఇక్కడ ఉండేలా వస్తే, మధ్యాహ్నాలు ఏమీ తోచక పిల్ల పాత పుస్తకాలన్నీ తిరగేస్తుంటారు. అర్జీ సంగతి విని ఆయన కూడా మాతో పాటు గయ్యిమంటారనుకున్నాం. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పేపరు అడిగి తీసుకున్నారు. దాంతోపాటు పిల్ల క్లాసు నోట్‌బుక్ కూడా తెప్పించుకున్నారు.

అందులో ఒక లెక్క ఇలా ఉంది. నేల మీద పలకలు పేర్చిన బొమ్మలు. మొదటి బొమ్మలో ఐదు పలకలు, రెండో దాంట్లో ఎనిమిది, మూడో దాంట్లో పదకొండు. నూరో బొమ్మలో ఎన్ని?

తాతగారు నోటితోనే చెప్పేశారు. "అంకశ్రేఢి. మొదటి పదం ఐదు, పదాంతరం మూడు. ఐదుకి తొంభై తొమ్మిది మూళ్లు కలుపు. మూడువందల రెండు." మా అమ్మాయి కూడా పరీక్షలో మూడువందల రెండే వేసింది. ట్యూషన్లో నేర్పిన చిట్కా అది: తేడా ఎంతో చూడు, దాన్ని నూరుతో గుణించు, మొదట్లో తక్కువైంది కలుపు. అర నిమిషం పని.

"బావుంది. మరి ఈ రెండు ఎక్కడి నుంచి వచ్చిందే తల్లీ?" అన్నారు తాతగారు.

"కలపాలి కదా తాతయ్యా. కలిపితేనే సరిపోతుంది."

"అది సరే. బొమ్మలో ఎక్కడుందీ రెండు?"

పిల్ల బొమ్మ వంక చూసింది. మేమూ చూశాం. నిజం చెప్పొద్దూ, మాకూ కనపడలేదు. తాతగారు నోట్‌బుక్‌లో వెనకటి పేజీ తిప్పారు. అక్కడ పెన్సిల్‌తో ఎవరో ఆ బొమ్మనే గీసి, మధ్యలో రెండు పలకలకి రంగు వేసి, వాటి నుంచి మూడు వైపులకి మూడు కొమ్మలు గీశారు. మొదటి బొమ్మలో ఒక్కో కొమ్మకి ఒక్క పలక. రెండో దాంట్లో రెండేసి. నూరో దాంట్లో నూరేసి. మూడు నూర్లు, మధ్యలో కదలకుండా ఉన్న రెండు. అంతే!

"ఇది నువ్వు వేశావా?"

"కాదు, మా టీమ్‌లో అమ్మాయి. తను ఎప్పుడూ బొమ్మలే గీస్తూ ఉంటుంది. స్లో."

తాతగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత దేవుడి దగ్గర ఉన్న అగ్గిపెట్టె తెప్పించుకుని పుల్లలు టేబుల్ మీద పేర్చడం మొదలుపెట్టారు. "ఏమర్రా, ముప్ఫై ఏళ్లు ఈ శ్రేఢులు చెప్పాను. సూత్రంలో ఎన్ మైనస్ ఒకటి ఎందుకని అడిగిన పిల్లాడు నాకు గుర్తు లేడు. అడగనిచ్చానో లేదో కూడా గుర్తు లేదు" అన్నారు.

ఆయన రిటైరయ్యే ముందు మన దగ్గర కూడా టెన్త్ లెక్కల పుస్తకాలు మారాయి. 2014లో వచ్చిన ఆ పుస్తకాల్లో పాఠం మధ్యలో గళ్లు కట్టి 'ఇవి చేయండి', 'ఆలోచించి, చర్చించి రాయండి' అని ఉండేవి. ఆ గళ్లు ఎవరు చేయించారని అడిగితే తాతగారు నవ్వేశారు. "సిలబస్ అవ్వాలి, పబ్లిక్ పరీక్ష ఉంది. వాటిని దాటేసి అభ్యాసంలోకి వెళ్లేవాళ్లం. మీ టీచరమ్మ ఆ గళ్లే క్లాసంతా చేయిస్తోందన్నమాట."

అలాగని ఆయన టీచరమ్మ పక్షం చేరిపోలేదు. నోట్‌బుక్ మొత్తం తిరగేసి ఇంకో మాట అన్నారు: "ప్రశ్నలు బావున్నాయి. మరి అభ్యాసం ఏదీ? ఒకసారి తెలిసింది వచ్చే నెలకి ఉంటుందా?"

సంతకానికి వారం గడువు

గ్రూపులో ఒక వారం ఆగమన్నాం. తిట్లు తిన్నాం. ఆ వారం రాత్రులు ఈ పద్ధతి ఎక్కడిదో, దీనివల్ల హైస్కూలు పిల్లలకి నిజంగా ఏమవుతుందో చదివాం. మాకు తెలిసింది ఇది.

ఈ కథలో తరచూ వినపడే పేరు ఎరిక్ మాజుర్. హార్వర్డులో ఫిజిక్సు ప్రొఫెసరు. 1990ల మొదట్లో ఆయన తన విద్యార్థులకి చాలా సులువైన ఒక పరీక్ష పెట్టారు. సూత్రాలు అక్కర్లేదు, న్యూటన్ నియమాలు మామూలు మాటల్లో అర్థమయ్యాయా లేదా అన్నదే పరీక్ష. కష్టమైన లెక్కలు గబగబా చేసే పిల్లలు ఇందులో తడబడ్డారు. ఒకమ్మాయి లేచి, మీరు చెప్పిన పద్ధతిలో రాయాలా, నేను మామూలుగా అనుకునే పద్ధతిలో రాయాలా అని అడిగిందట. ఆయన అప్పటి నుంచి క్లాసులో ఉపన్యాసం తగ్గించి, ప్రశ్న ఇచ్చి, పక్కవాడితో వాదించుకోమనడం మొదలుపెట్టారు. మా అమ్మాయి క్లాసులో నాలుగు కుర్చీల బల్లకి ఇదొక దగ్గరి చుట్టం.

ఒక ప్రొఫెసరు అనుభవం సరిపోదు కదా. 1998లో రిచర్డ్ హేక్ అనే ఆయన 62 ఫిజిక్సు కోర్సుల లెక్కలు ఒకచోట పోగేశారు. హైస్కూళ్లూ ఉన్నాయి, కాలేజీలూ ఉన్నాయి. మొత్తం 6,542 మంది విద్యార్థులు. కోర్సు మొదట్లో ఒక పరీక్ష, చివర్లో మళ్లీ పరీక్ష. మొదట్లో తెలియనిదాన్ని వంద అనుకుంటే అందులో చివరికి ఎంత వచ్చిందన్నది కొలత. మాస్టారు చెబుతుంటే వినే క్లాసుల్లో సగటున 23 వంతులు వచ్చింది. ప్రశ్నలు, చర్చలు, చేతులతో చేయడం ఉన్న క్లాసుల్లో 48 వంతులు. రెండింతలకి పైనే.

ఇంకా దగ్గరిది 2021లో వచ్చింది. ఇది అచ్చంగా హైస్కూలు పిల్లల మీదే. ఏపీ కోర్సులని ఉంటాయి ఇక్కడ. (ఏపీ అనగానే మనకి ఆంధ్రప్రదేశే గుర్తొస్తుంది గానీ, ఇది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి చదువు.) అమెరికా ప్రభుత్వ విధానం, పర్యావరణ శాస్త్రం అనే రెండు ఏపీ కోర్సుల్ని కొన్ని స్కూళ్లలో ప్రాజెక్టుల పద్ధతిలో చెప్పించారు. ఏ స్కూలుకి ఏ పద్ధతో లాటరీలాగా తేల్చారు కాబట్టి మంచి స్కూళ్లని ఏరి పెట్టుకున్నారనే అనుమానం లేదు. ప్రాజెక్టు క్లాసుల పిల్లలు ఏపీ పరీక్షలో గట్టెక్కడం మిగతావారికన్నా 8 పర్సంటేజీ పాయింట్లు ఎక్కువ. రెండో ఏడు కూడా అదే పద్ధతిలో చెప్పిన టీచర్ల దగ్గరైతే 10. కానీ ఇక్కడొక మెలిక ఉంది. ఆ టీచర్లకి ముందుగా శిక్షణ ఇచ్చారు, ఏడాది పొడుగునా వెంట ఉండి సాయం చేశారు. ఏటా ఆగస్టులో కొత్త పుస్తకం చేతిలో పెట్టి 'కానివ్వండి' అనడం వేరు, ఇది వేరు.

ఇక రెండో వైపు. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పండితులు ఒక వ్యాసం రాసి పెద్ద దుమారం లేపారు. కొత్తగా నేర్చుకునేవాడి బుర్ర ఒకేసారి కొద్ది విషయాలనే పట్టుకోగలదు, దారి చూపకుండా 'నువ్వే కనిపెట్టు' అంటే ఆ కొద్ది జాగా వెతుకులాటకే సరిపోతుంది, ముందు చేసి చూపించాలి అని వాళ్ల వాదన. పీసా అనే అంతర్జాతీయ పరీక్ష 2015 ఫలితాలూ అటువైపే చూపించాయి. సైన్సులో పిల్లలే పరిశోధించే క్లాసులు ఎక్కువగా ఉన్నాయన్న పిల్లలకి చాలా దేశాల్లో మార్కులు తక్కువ, టీచరు వివరించి చెబుతారన్న పిల్లలకి ఎక్కువ. అయితే ఇది లాటరీ లెక్క కాదు. అసలే వెనకబడ్డ క్లాసులో టీచరు కొత్త పద్ధతులు ప్రయత్నించి ఉండొచ్చు. అందుకని మేం దీన్ని మరీ గట్టిగా పట్టుకోలేదు.

మమ్మల్ని ఆపేసినవి ఇంకో రెండు. ఒకటి 2019లో హార్వర్డు ఫిజిక్సు క్లాసుల్లో చేసిన ప్రయోగం. ఒకే పాఠం, ఒకే కాగితాలు. కొందరికి చక్కటి ఉపన్యాసం, కొందరికి మీలో మీరే చేసి చూడండి అనే పద్ధతి. పరీక్ష పెడితే రెండోవారికే ఎక్కువ వచ్చింది. కానీ ఎంత నేర్చుకున్నామనుకుంటున్నారు అని అడిగితే, ఉపన్యాసం విన్నవాళ్లే మాకు ఎక్కువ వచ్చిందన్నారు!

రెండోది ఫ్లోరిడాలో ఏడో తరగతి పిల్లల మీద చేసింది, 2020లో అచ్చయింది. 54 క్లాసులు. సగం క్లాసులకి మనం ఎరిగిన పద్ధతిలో అభ్యాసం: ఒకే రకం లెక్కలు వరసగా. మిగతా సగానికి అవే లెక్కలు, కానీ కలగాపులగంగా, ప్రతి లెక్కకీ ఇది ఏ రకమో ముందు తేల్చుకోవాల్సి వచ్చేలా. నెల తర్వాత చెప్పాపెట్టకుండా పరీక్ష పెట్టారు. ఒకే రకం వరసగా చేసినవారికి సగటున 38 శాతం, కలిపి చేసినవారికి 61 శాతం.

ఈ రెండూ చదివాక ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మా అమ్మాయి శనివారం ట్యూషన్ కాగితాలు ఎలా ఉంటాయి? ఒకే రకం లెక్కలు నలభై. మొదటి మూడూ ఆలోచిస్తే మిగతా ముప్ఫై ఏడూ చెయ్యి దానంతటదే చేసుకుపోతుంది. నలభైకి నలభై. పిల్లకి సంతోషం, మాకు ధైర్యం. వచ్చిందన్న నమ్మకానికి మేం డబ్బు కడుతున్నామన్నమాట. నిజంగా వచ్చిందా అని నెల తర్వాత ఎప్పుడైనా అడిగామా? లేదు.

ఆ నాలుగో కుర్చీ

టీచరమ్మకి ఈమెయిల్ పెడితే క్లాసు చూడ్డానికి రమ్మంది. తాతగారిని కూడా తీసుకెళ్లాం. ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన డీఈవోలాగా వెనక బల్ల దగ్గర కూర్చున్నారు.

క్లాసు చాలా గోలగా ఉంది. కొన్ని బల్లల దగ్గర అది లెక్కల గోలే. ఒకచోట ఇద్దరు కుర్రాళ్లు గ్రాఫు కాగితం మీద గీత ఎటు వంగాలో పోట్లాడుకుంటున్నారు. ఇంకోచోట నలుగురూ ఫుట్‌బాల్ మాట్లాడుకుంటున్నారు, టీచరమ్మ అటు వచ్చినప్పుడు మాత్రం పెన్సిళ్లు అందుకుంటున్నారు. మా అమ్మాయి బల్ల దగ్గర మాత్రం గోలే లేదు. కాగితం ఇచ్చిన నిమిషంలో మా పిల్ల జవాబు చెప్పేసింది. ఇద్దరు దాన్నే ఎక్కించేసుకున్నారు. నాలుగో కుర్చీలో ఉన్న పిల్ల, ఆ బొమ్మల పిల్లే, సగం గీసిన బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టేసుకుని తనూ ఎక్కించుకుంది.

బెల్లు మోగింది. పిల్లలు వెళ్లిపోయారు. ఇవాళ్టి ప్రశ్నకి సారం ఇదీ అని బోర్డు మీద ఒక్క ముక్క కూడా పడలేదు.

టీచరమ్మ మర్యాదగా, కానీ సూటిగా చెప్పింది. "మీ అమ్మాయి తెలివైనది. కానీ రోజూ జవాబుతోనే వస్తోంది. ప్రశ్నతో రావడం లేదు." నాలుగేసి కుర్చీల్లో ఒకరికి ముందే జవాబు తెలిసి ఉంటే మిగతా ముగ్గురికీ ఆలోచించే పని ఉండదట. ఆమెకి ఆ క్లాసులో ట్యూషన్‌కి వెళ్లే పిల్లలు ఎంతమందో బల్లల్ని చూస్తేనే తెలిసిపోతుందట. మాకు తల కొట్టేసినట్టయింది. మేం ఇన్నాళ్లూ స్కూలు చెప్పనిది మేం చెప్పిస్తున్నామనుకున్నాం. స్కూలు చెప్పేదాన్ని చెడగొడుతున్నామని ఎప్పుడూ అనుకోలేదు.

తాతగారు ఊరుకోలేదు. మేం తర్జుమా చేస్తుంటే ఆయన అడిగారు: "అమ్మా, ఆ నాలుగో పిల్లకి ఇంటి దగ్గర చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా?" లేరని, వాళ్లమ్మ రాత్రిపూట ఆఫీసులు శుభ్రం చేసే పనికి వెళ్తుందని మా అమ్మాయి తర్వాత చెప్పింది. టీచరమ్మ మాత్రం ఆ సంగతి చెప్పలేదు, చెప్పకూడదు కూడా. "అయితే గంట చివర పది నిమిషాలు మీరు బోర్డు దగ్గర నిలబడాలి. కనిపెట్టింది సరైందో కాదో తెలియకుండా ఆ పిల్ల ఇంటికి వెళ్లకూడదు. మా వాళ్లకైతే ఇంట్లో నేనున్నాను" అన్నారాయన. టీచరమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. కొత్త పుస్తకం వచ్చి ఏడాదే అయిందని, తనకిచ్చిన శిక్షణ వేసవిలో మూడు రోజులని, గంటలో ముగింపుకి టైము మిగలడం లేదని ఒప్పుకుంది.

కార్లో వస్తూ మాకు శాన్‌ఫ్రాన్సిస్కో గొడవ గుర్తొచ్చింది. బే ఏరియాలో ఉన్న తెలుగువారందరికీ తెలిసిందే. 2014లో ఆ ఊరి స్కూళ్లలో ఎనిమిదో తరగతిలో ఆల్‌జీబ్రా తీసేశారు. ముందున్నవాళ్లు, వెనకున్నవాళ్లు అని విడదీయకుండా అందరూ ఒకే క్లాసులో కలిసి నేర్చుకోవాలన్నది ఆశయం. మంచి ఆశయమే. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కలు తీస్తే, పై స్థాయి ఏపీ లెక్కల్లో చేరేవాళ్లు మొదట్లో తగ్గారు. ఏ జాతుల పిల్లల మధ్య ఎడం తగ్గించాలని ఇదంతా చేశారో ఆ ఎడం పెద్దగా కదల్లేదు. స్తోమత ఉన్నవాళ్లు బయట డబ్బు కట్టి ఆల్‌జీబ్రా చెప్పించుకున్నారు. 2024 మార్చిలో ఓటింగు పెడితే జనం ఆల్‌జీబ్రా ఎనిమిదిలోకే తిరిగి రావాలని భారీగా ఓటేశారు. స్కూలు బోర్డు అంతకు కాస్త ముందే తల ఊపింది.

ఏ పద్ధతి పెట్టినా, పాత పద్ధతి ఉంచినా, మన పిల్లలు గట్టెక్కుతారు. ఇంట్లో ఇద్దరు ఇంజినీర్లు, శనివారం ట్యూషన్, కుదిరితే తెనాలి నుంచి ఒక మాస్టారు. ఆ మార్కులు చూపించి 'పాత పద్ధతే మంచిది' అన్నా అబద్ధమే, స్కూలు వాళ్లు అవే మార్కులు చూపించి 'మా కొత్త పద్ధతి పనిచేస్తోంది' అన్నా అబద్ధమే. పద్ధతి మంచిదో కాదో తెలియాలంటే ఆ నాలుగో కుర్చీలో పిల్ల పేపరు చూడాలి.

ఆ పేపరు మేం చూడలేదు, చూసే హక్కూ లేదు. కానీ ఆ పిల్లే మా అమ్మాయికి చెప్పిందట: ఆమెకీ అరవైల్లోనే వచ్చాయి. వివరణలకి నిండా మార్కులు. ప్లస్సు, మైనస్సు తారుమారై జవాబులన్నీ తప్పు!

తర్వాత

అర్జీ మీద మేం సంతకం పెట్టలేదు. అందుకు గ్రూపులో రెండు నెలలు మాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. సంక్రాంతి ముగ్గుల పోటీకి కూడా చివరి నిమిషంలో చెప్పారు. అర్జీ నలభై పైచిలుకు సంతకాలతో వెళ్లింది, 'మీ ఆందోళన గమనించాం' అని నాలుగు లైన్ల జవాబు వచ్చింది.

మేం వేరే ఉత్తరం రాశాం. పద్ధతి తీసేయమనలేదు. రెండే అడిగాం: ప్రతి గంట చివరా టీచరు సారం చెప్పాలి, వారానికోసారి పాతవీ కొత్తవీ కలిపి కలగాపులగంగా అభ్యాసం ఇవ్వాలి. ఫ్లోరిడా పరిశోధన కాగితం జత చేశాం. మాతో పాటు మరో ఐదు కుటుంబాలు పేర్లు ఇచ్చాయి. అందులో తెలుగువాళ్లం ముగ్గురమే. జనవరి నుంచి శుక్రవారాలు పావుగంట అలాంటి లెక్కలు మొదలయ్యాయి. గంట చివర బోర్డు దగ్గర సారం చెప్పడం మాత్రం కొన్ని రోజులు జరిగేది, కొన్ని రోజులు బెల్లు ముందుగా మోగేది.

ఇంట్లో మార్చుకోవడమే ఎక్కువ కష్టమైంది. శనివారం ట్యూషన్ ఆ ఏడాదికి మాన్పించాం. పిల్ల ఎగిరి గంతేస్తుందనుకుంటే భయపడింది. ముందే జవాబు తెలిసి ఉండటం దానికి ఊతకర్రలా అలవాటైపోయింది. తాతగారు రోజుకి ఎనిమిది లెక్కలు ఇచ్చేవారు. ఏ రెండూ ఒక రకంవి కావు. కొన్ని అంతకుముందు నెలవి. మొదటి రెండు వారాలు ఎనిమిదికి నాలుగైదే వచ్చేవి. నలభైకి నలభై అలవాటైన పిల్ల ఏడ్చేసింది. మాకూ లోపల బెరుకుగానే ఉండేది, మళ్లీ ట్యూషన్‌లో పడేద్దామా అని ఒకసారి చెక్కు కూడా రాసి చించేశాం. ఫిబ్రవరి చివర్లో తాతగారు తిరిగి వెళ్లేనాటికి ఎనిమిదికి ఏడు.

జూన్‌లో మా అమ్మాయికి బి ప్లస్ వచ్చింది. గ్రూపులో కొందరి పిల్లలకి ట్యూషన్ సాయంతోనే ఏ వచ్చింది. ఆ బొమ్మల అమ్మాయి సి ప్లస్‌తో పై క్లాసుకి వెళ్లింది. టీచరమ్మ రెండో ఏడు బాగానే పాఠం ముగిస్తోందని వింటున్నాం.

ఇప్పుడు మా అమ్మాయి పదో తరగతి. ఈసారి వచ్చిన లెక్కల మాస్టారు అచ్చం మన పద్ధతే. బోర్డు నిండా రాస్తారు, సూత్రం ఇస్తారు, రెండు లెక్కలు చేసి చూపిస్తారు. నోట్సు ముత్యాల్లా ఉంటోంది. గ్రూపు మొత్తం హాయిగా ఊపిరి పీల్చుకుంది. మా అమ్మాయే రోజూ ఏదో ఒక సూత్రం పట్టుకొచ్చి 'ఇది ఎందుకు?' అని మా ఇద్దర్నీ అడుగుతోంది. ఎంసెట్‌లో ర్యాంకులు తెచ్చుకున్న మాకు మూడొంతులు తెలియడం లేదు. రాత్రి తొమ్మిదింటికి, అక్కడ పొద్దున టిఫిను వేళ, తెనాలికి వీడియో కాల్ కలుపుతోంది. తాతగారు అగ్గిపెట్టె వెతికి తెచ్చుకునే దాకా లైన్లోనే ఉండమంటున్నారు.